ప్రాగ్ వెళ్తున్న మా అమ్ములుకి: పైకి ట్రామ్‌లో, కిందికి కాళ్ళ మీద

అమ్ములూ,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది, నీ కాన్వొకేషన్ అయ్యాక ఇద్దరూ జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి చెక్ దేశం రాజధాని ప్రాగ్ వెళ్తున్నారట, శుక్రవారం బయల్దేరి ఆదివారం రాత్రికి వెనక్కి. నువ్వు రాసుకున్న లిస్టు కూడా వాట్సాప్‌లో పంపింది. ఇరవై ఆరు చోట్లు! అన్నీ చూడాలంటే నువ్వు మీ అమ్మని భుజాన వేసుకుని పరిగెత్తాలి. మీ అన్నయ్య అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్ళలో నేను మూడుసార్లు వెళ్ళాను, వెళ్ళినప్పుడల్లా రెండేసి నెలలు ఉన్నాను, వాడు ఆఫీసుకి పోయాక ఇంట్లో తోచక ఆ ఊరంతా మోకాళ్ళ నొప్పులతోనే తిరిగాను. అందుకని లిస్టు పక్కన పెట్టి కాసేపు నేను చెప్పేది విను.

ముందు రైలు సంగతి. డ్రెస్డెన్ నుంచి వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ సీట్లు చూసుకోండి, ఎల్బే నది అటువైపే ఉంటుంది, ఇసుకరాతి కొండల మధ్యలోంచి దారి పొడవునా మీతోపాటే వస్తుంది. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. నీ ఫోన్ లోపల పెట్టేసి మీ అమ్మతో కబుర్లు చెప్పు. ఇద్దరూ పాస్‌పోర్టులు, నీ రెసిడెన్స్ కార్డు దగ్గర ఉంచుకోండి, తిరిగి జర్మనీలోకి వచ్చేటప్పుడు రైల్లో పోలీసులు అడుగుతుంటారు.

అక్కడ యూరోలు కాదు, కొరూనాలు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక డబ్బు మార్చే కొట్లో "కమిషన్ లేదు" అని బోర్డు చూసి మురిసిపోయి రెండొందల యూరోలు ఇచ్చాను, వాడు రేటులోనే గుండు కొట్టాడు. సాయంత్రం మీ అన్నయ్య లెక్క వేసి చూపిస్తే అన్నం సహించలేదు. 2019 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది, అలా మార్చుకున్నది నచ్చకపోతే రసీదు పట్టుకుని మూడు గంటల లోపు వెళ్ళి రద్దు చేసుకోవచ్చు. అసలు ఆ గొడవే లేకుండా కార్డు వాడు, మెషీన్ "యూరోల్లో తీసుకోనా?" అని అడిగితే వద్దను. టాయిలెట్లకి మాత్రం కాస్త చిల్లర ఉంచుకో.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను, ఇది పూర్తిగా నా తప్పే. ట్రామ్ టికెట్ కాగితంది కొంటే సరిపోదు, ఎక్కగానే పసుపురంగు మెషీన్లో పెట్టి పంచ్ చేసుకోవాలి. నేను టికెట్ కొని పర్సులో భద్రంగా దాచుకుని కూర్చున్నాను. మామూలు బట్టల్లో ఉన్న చెకింగ్ మనిషి వచ్చి బ్యాడ్జి చూపించాడు, ఫైను కట్టాను. 72 గంటల పాస్ ఒకటి చొప్పున తీసుకుని మొదటిసారి ఎక్కినప్పుడు పంచ్ చేసేస్తే మూడు రోజులూ మెట్రో, ట్రామ్, బస్సు దేనికీ మళ్ళీ చూసుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు మాట. ఆ ఊళ్ళో కోట కొండ మీద ఉంటుంది, కింద నది, నది మీద వంతెన, వంతెన దాటితే పాత ఊరు. అందరూ పాత ఊళ్ళో మొదలుపెట్టి, జనంలో తోసుకుంటూ వంతెన దాటి, ఎండ ఎక్కాక కోటకి మెట్లెక్కుతారు. నువ్వు తిరగేసి చెయ్యి. శనివారం పొద్దున్నే 22 నంబరు ట్రామ్ ఎక్కి, కోట స్టాప్ కూడా దాటేసి, పొహొజెలెట్స్ అనే చోట దిగు. అక్కడ స్ట్రహోవ్ మఠం ఉంది. ఆ పక్కనున్న తోట గట్టు మీద నిలబడితే ఊరంతా, ఎర్ర పెంకుల కప్పులతో సహా, కాళ్ళ కింద ఉంటుంది. ఆ మఠం లైబ్రరీ అందమైనదే కానీ హాళ్ళలోకి వెళ్ళనివ్వరు, గుమ్మం దగ్గరనుంచి తొంగి చూడ్డమే, దానికి డబ్బులు దండగ అని నా లెక్క, పుస్తకాల పిచ్చి ఉన్నదానివి గనక నీ ఇష్టం. అక్కణ్ణుంచి కోట దాకా వాలు దారి. తొమ్మిదింటికి లోపలి కట్టడాలు తెరుస్తారు, ఆ వేళకి గేటు దగ్గరుండు, జనం పెరిగేలోపు లోపలికి వెళ్ళిపోవచ్చు.

కోటలో సెయింట్ వైటస్ చర్చి తప్పదు. 1344లో మొదలుపెట్టారు, పూర్తయింది 1929లో. మన ఊరి ఫ్లైఓవర్ ఎప్పటికవుతుందో అని ఇంక విసుక్కోవద్దు. లోపల ఎడమవైపు కిటికీల్లో ఒకటి అల్ఫోన్స్ ముహా అనే చెక్ చిత్రకారుడు వేసింది, రంగులు చూస్తే తెలిసిపోతుంది, పొద్దుటి వెలుతురులో కాసేపు అక్కడే నిలబడు. పాత రాజభవనంలో ఒక కిటికీ ఉంది. 1618లో కోపమొచ్చిన ప్రొటెస్టెంట్ పెద్దలు ఇద్దరు కేథలిక్ రాజప్రతినిధుల్నీ వాళ్ళ గుమస్తానీ అందులోంచి కిందికి తోసేశారు. ముగ్గురూ బతికి బయటపడ్డారు. మేరీమాత కాపాడిందని కేథలిక్కులు, పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లు. నవ్వులాటగా ఉంది గానీ, ముప్ఫై ఏళ్ళ యుద్ధం అక్కడే అంటుకుంది. గోల్డెన్ లేన్ అనే బొమ్మరిళ్ళ సందులో జనం ఎక్కువ ఉంటే ఆగకండి, కాఫ్కా కొన్నాళ్ళు రాసుకున్న 22 నంబరు ఇల్లు చూసి వచ్చేయండి.

దిగేటప్పుడు మెట్ల దారి వద్దు, మోకాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే కష్టమని డాక్టరు నాకు వందసార్లు చెప్పాడు. నెరుడోవా వీధి వాలుగా ఉంటుంది, మెట్లు లేవు, మెల్లగా దిగండి. ఆ ఇళ్ళ గుమ్మాల పైన తలెత్తి చూడు: మూడు ఫిడేళ్ళు, ఇద్దరు సూర్యులు, ఇలా రకరకాల బొమ్మలు. ఇళ్ళకి నంబర్లు రాకముందు అవే అడ్రసులు. మన దగ్గర వేపచెట్టు ఇల్లు, నీలం గేటు ఇల్లు అంటామే, అలాగ.

చార్లెస్ వంతెన మీదికి మధ్యాహ్నం వెళ్తే మనుషుల వీపులు తప్ప ఏమీ కనిపించవు. ఆదివారం తెల్లారుజామున వెళ్ళండి, హోటల్లో టిఫిన్ తర్వాత తినొచ్చు. 1357లో నాలుగో చార్లెస్ రాజు పునాదిరాయి వేశాడు. 1357వ సంవత్సరం, 9వ తేదీ, ఏడో నెల, 5 గంటల 31 నిమిషాలకి, అంటే 1-3-5-7-9-7-5-3-1 అని అంకెలు పేర్చి ముహూర్తం పెట్టారని కథ. ముహూర్తాలు మనకే కాదన్నమాట. సున్నంలో గుడ్లు కలిపారనీ, ఊరూరా గుడ్లు పంపమంటే ఒక ఊరివాళ్ళు దారిలో పగులుతాయని ఉడకబెట్టి పంపారనీ ఇంకో కథ. మన కోటలకి కూడా బెల్లం, కరక్కాయ, గుడ్డు సొన కలిపారని మీ తాతయ్య చెప్పేవారు, గుర్తుందా? వంతెన మీద 30 విగ్రహాలు, చాలావరకు నకళ్ళే, అసలువి మ్యూజియంలో పెట్టేశారు. నెపొముక్ జాన్ అనే సాధువు విగ్రహం కింద కంచు ఫలకం జనం తాకీ తాకీ బంగారంలా మెరుస్తుంటుంది. మీ అమ్మ తాకకుండా రాదు, నాకు తెలుసు.

పాత ఊరి గడియారం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే గంట కొట్టేటప్పుడు ఫోన్లు పైకెత్తి, బొమ్మలు తిరగ్గానే "ఇంతేనా" అని వెళ్ళిపోతారు అందరూ. ఆ బొమ్మలాట నిమిషం కూడా ఉండదు, అస్థిపంజరం గంట లాగుతుంది, కిటికీల్లో అపొస్తలులు వెళ్తారు, చివర్లో కోడి కూస్తుంది, ఆ గుంపులో నీ బ్యాగ్ జిప్పు మీద చెయ్యి ఉంచుకోవడమే నీ పని. జనం చెదిరాక అసలు గడియారం చూడు. 1410 నాటిది. దాని మీద మేషం, వృషభం అంటూ పన్నెండు రాశులు తిరుగుతుంటాయి, సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చూపిస్తుంది, సగం నలుపు సగం వెండి రంగు చంద్రుడి గోళం తిరుగుతూ పౌర్ణమి, అమావాస్య చెప్తుంది. బయటి చక్రంలోని బంగారు అంకెలు ఇప్పటి టైము కాదు, సూర్యాస్తమయం నుంచి లెక్కించే పాత చెక్ గంటలు. మనం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెడతాం, వాళ్ళు పొద్దు గూకినప్పటినుంచి. కింద ఇంకో పలక మీద పన్నెండు నెలల సేద్యం పనుల బొమ్మలూ, రోజుకో పునీతుడి పేరూ. మీ పెదనాన్న మెడ నొప్పెట్టే దాకా దాని ముందే నిలబడి, "ఇది గడియారం కాదే, గోడకి తగిలించిన పంచాంగం" అన్నారు. ఆ పక్కనే నేల మీద 27 తెల్ల శిలువలు పరిచి ఉంటాయి, ఆ 1618 తిరుగుబాటుకి శిక్షగా 1621లో అక్కడ చంపేసిన 27 మంది కోసం. చూసి నడవండి, చాలామంది తెలియక తొక్కుకుంటూ పోతారు.

యూదుల పేటలో ప్రార్థనాలయాలూ శ్మశానమూ శనివారం మూసేస్తారు, నీ లిస్టులో మాత్రం శనివారమే రాసుకున్నావు. ఆదివారానికి మార్చు. పింకస్ ప్రార్థనాలయం గోడల నిండా పేర్లు, నాజీల చేతుల్లో పోయిన 77 వేల మందికి పైగా చెక్ యూదుల పేర్లు, ఇంటిపేరు వారీగా, చిన్న అక్షరాల్లో. పై అంతస్తులో తెరెజీన్ అనే నాజీల నిర్బంధంలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే టీచరు వాళ్ళకి నేర్పింది, ఆమెనీ ఆ పిల్లల్లో చాలామందినీ ఆష్‌విట్జ్‌లో చంపేశారు. ఒక బొమ్మలో ఇల్లు, ఇంటి ముందు చెట్టు, మన పిల్లలు వేసినట్టే ఉంది. నాకు అక్కడ ఫొటో తీయబుద్ధి కాలేదు. పక్కనున్న పాత శ్మశానంలో చోటు చాలక ఒకదానిమీద ఒకటి పొరలుగా పూడ్చారు, సుమారు 12 వేల సమాధిరాళ్ళు ఒకదానికొకటి ఒరిగి ఉంటాయి. అది చూశాక ఇంకేమీ పెట్టుకోకండి. మెట్రో ఎక్కి విషెహ్రాద్ వెళ్ళి పాత కోటగోడ మీద కూర్చోండి, కింద నది, కుక్కల్ని తిప్పుకునే ముసలివాళ్ళు, అంతే. నీ లిస్టులో అది లేనే లేదు.

మీ అమ్మ తిండి సంగతి. స్విచ్‌కొవా అని అందరూ ఊదరగొడతారు, అది గొడ్డుమాంసం, మీ అమ్మకి ముందే చెప్పు. "బెజ్ మసా" అంటే మాంసం లేకుండా అని, కానీ కొన్ని చోట్ల పంది ముక్కలు చిన్నవి వేసి కూడా అదే అంటారు, రెండోసారి అడుగు. బ్రంబొరాక్ అని బంగాళాదుంప అట్టు, వెల్లుల్లి వేస్తారు, మనకి నచ్చుతుంది. పండు లోపల పెట్టి ఉడికించే క్నెడ్లీకి అచ్చం పూర్ణం కుడుములే. వీధి వీధినా పొగలు కక్కే ట్ర్‌డెల్నిక్ అనే తీపి రొట్టె చుట్టలు చూసి ఇక్కడి సంప్రదాయం అనుకోకు, అది ఈమధ్య టూరిస్టుల కోసం పుట్టుకొచ్చిన బేరం. షాపులోకి వెళ్ళగానే "దోబ్రీ డెన్" అను, ముభావంగా ఉన్న మొహాలు కాస్త సడలుతాయి.

మీ అమ్మకి ఆ కొత్త చెప్పులు వద్దని చెప్పు. రోడ్లన్నీ రాళ్ళు పరిచినవే, పాత బూట్లే నయం. చక్రాల సూట్‌కేసు కూడా ఆ రాళ్ళ మీద లాగలేరు, అందుకే హోటల్ పాత ఊరి నడిబొడ్డున కాకుండా ట్రామ్ స్టాప్ పక్కన తీసుకో.

సరే, వెళ్ళగానే ఫోన్ చెయ్యి. టికెట్ పంచ్ చేశాకే సీట్లో కూర్చో.

మీ పెద్దమ్మ