డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో చీఫ్ చేసే పనేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి మూడేళ్ల ఎల్ఎల్‌బీ ఆఖరి ఏడాదిలో ఉంది. ఎన్‌రోల్ అవగానే మా జిల్లా కోర్టులోని లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో అసిస్టెంటుగా చేరి, ఎప్పటికైనా అక్కడే చీఫ్ కావాలంటోంది. ఫీజు ఇచ్చుకోలేని వాళ్ల కేసులు చూసే ఆఫీసులో ఎదుగుదల ఉంటుందా? జీతం తక్కువేమోనని మా బెంగ. ఆ చీఫ్ అసలేం చేస్తారు? – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: అర్హతల సంగతి ముందు చెప్పేస్తాను. జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) 2022 పథకం కింద ఈ ఆఫీసులు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆధ్వర్యంలో నడుస్తాయి. క్రిమినల్ కేసులే, అదీ ముద్దాయి తరఫునే. అసిస్టెంటుకు కొత్తగా ఎన్‌రోల్ అయినవాళ్లూ సరిపోతారు, మూడేళ్ల లోపు ప్రాక్టీసు చాలు. డిప్యూటీ చీఫ్‌కు 7 ఏళ్ల క్రిమినల్ ప్రాక్టీసు, సెషన్స్ కోర్టులో కనీసం 20 విచారణలు నడిపిన అనుభవం కావాలి. చీఫ్‌కైతే 10 ఏళ్లు, 30 విచారణలు. మొదట రెండేళ్ల కాంట్రాక్టు, పని బాగుంటే ఆ తర్వాత ఏడాదికోసారి పొడిగింపు. ఉన్నన్నాళ్లూ ప్రైవేటు కేసులు పట్టకూడదు. ఇది ప్రమోషన్లిచ్చే సర్కారు కొలువు కాదండీ. పై పోస్టుకు నోటిఫికేషన్ పడినప్పుడు మళ్లీ దరఖాస్తు చేసుకోవాల్సిందే. అందుకే మొదటి రోజు నుంచీ తాను పనిచేసిన ప్రతి సెషన్స్ కేసు నంబరు, ఏ సాక్షిని ఎవరు క్రాస్ (ఎదుటి పక్షం లాయరు వేసే ఎదురు ప్రశ్నలు) చేశారు, తీర్పు ఏమైంది అన్నది ఒక పుస్తకంలో రాసుకోమనండి. పదేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాయడం అయ్యే పని కాదు.

ఇక చీఫ్ పని. పెద్ద కేసులు తానే వాదిస్తారన్న మాట నిజమే. యావజ్జీవం, ఉరి పడే అవకాశమున్న కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవమున్న లాయర్నే పెట్టాలనీ, తయారీకి మామూలుగా కనీసం 7 రోజులివ్వాలనీ సుప్రీంకోర్టు 2019లో అనోఖీలాల్ కేసులో చెప్పింది. కాబట్టి హత్య కేసు ఫైలు అసిస్టెంటు చేతిలో పెట్టి పంపడం కుదరదు. కానీ చీఫ్ రోజులో ఎక్కువ భాగం గడిచేది కింది వాళ్ల ఫైళ్లు చదవడంలోనే. నా లెక్కలో ఆ ఉద్యోగానికి ప్రాణం అదే.

రిమాండ్ రిజిస్టరు చూడండి. ఇంట్లో దొంగతనం కేసులో ఒకతన్ని జనవరి 5న మొదటిసారి రిమాండుకు పంపారనుకుందాం. గరిష్ఠ శిక్ష పదేళ్ల లోపే కనుక 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకు 90 రోజులు. లెక్క అరెస్టు రోజు నుంచి కాదు, రిమాండు రోజు నుంచి. ఆ రోజునూ కలుపుకోవాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే లీపు సంవత్సరం కాకపోతే మార్చి 5తో గడువు తీరి, 6న డిఫాల్ట్ బెయిల్, అంటే గడువులోగా ఛార్జిషీటు వేయనందుకు దక్కే బెయిలు, హక్కుగా వస్తుంది. పిటిషన్ ఆ రోజు పొద్దున్నే దాఖలు కావాలి. అసిస్టెంటు రేపు వేద్దాంలే అనుకునేలోగా పోలీసులు ఛార్జిషీటు వేశారంటే ఆ హక్కు పోయినట్లే, మనిషి ఇంకా నెలలు లోపలే ఉంటాడు. అందుకని రిజిస్టరులో 60వ రోజు, 90వ రోజు తేదీలకు విడిగా గళ్లు గీయించి, వచ్చే వారం గడువు తీరే పేర్లను చీఫ్ ప్రతి సోమవారం స్వయంగా చూడాలి.

బెయిలు వచ్చాక కూడా పని అయిపోదు. జామీనుదార్లు దొరక్క జైల్లోనే ఉండిపోయే వాళ్లుంటారు. 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలైనా పూచీకత్తు పెట్టలేకపోతే షరతు సడలించే విషయం కోర్టు చూడవచ్చు. ఆ పిటిషన్ ఎవరు వేస్తారో పేరు రాసి పెట్టకపోతే ఎవరూ వేయరు.

విచారణలో జూనియర్లు ఎక్కువగా జారిపోయే చోటు ఒకటుంది. రెండో సాక్షి కోర్టులో ‘పొడవడం కళ్లారా చూశాను’ అంటాడు. పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటులో మాత్రం అరుపులు విని వచ్చానని ఉంటుంది. సెక్షన్ ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 180 అయినా, పాత సీఆర్పీసీ సెక్షన్ పేరుతో దాన్ని 161 స్టేట్‌మెంట్ అనే అలవాటు ఇంకా పోలేదు. జూనియరు ఆ వాక్యం సాక్షికి చదివి వినిపించి, అలా చెప్పారా అని అడుగుతారు. సాక్షి లేదంటే ఆ భాగం ఎక్స్ డీ-1గా, అంటే డిఫెన్స్ తరఫు మొదటి ఎగ్జిబిట్‌గా, మార్కవుతుంది. అక్కడితో పనైపోయిందనుకుంటారు. కానీ దర్యాప్తు అధికారి (ఐఓ) బోనెక్కినప్పుడు, సాక్షి మీ ముందు ఇలా చెప్పారా అని అడిగి ఔననిపించాలి. అది మరిచిపోతే డీ-1 రుజువు కాని కాగితమే. సాక్షికీ ఐఓకీ మధ్య నెలలు గడుస్తాయి, ఒక్కోసారి లాయరూ మారిపోతారు. కనుక ఐఓ వాయిదాకు రెండ్రోజుల ముందు చీఫ్ డిపాజిషన్లు (కోర్టు నమోదు చేసిన సాక్షుల వాంగ్మూలాలు) తెప్పించుకుని, మార్కయిన డీ ఎగ్జిబిట్లన్నీ జూనియరు క్రాస్ ప్రశ్నల్లో ఉన్నాయో లేదో పోల్చి చూడాలి. పావుగంట పని. క్రాస్ జరిగేటప్పుడు వెనక బెంచీలో కూర్చుని రాసుకోవాలి. దిద్దడం ఆఫీసుకొచ్చాకే, క్లయింటు ముందు కాదు.

ఒకే కేసులో ఏ-1, ఏ-2 (మొదటి, రెండో ముద్దాయిలు) ఒకరి మీద ఒకరు నెట్టుకుంటుంటే ఇద్దరినీ ఒకే ఆఫీసు వాదించకూడదు. వకాలత్ వేయక ముందే ఇద్దరితో విడివిడిగా మాట్లాడి, ఒకరికి న్యాయసేవాధికార సంస్థ జాబితాలోని మరో లాయర్ని (ప్యానెల్ లాయర్) ఇమ్మని కార్యదర్శికి రాయాలి. క్లయింటు బంధువుల దగ్గర ఎవరూ రూపాయి తీసుకోకుండా చూడటం కూడా చీఫ్ బాధ్యతే, దీంట్లో మొహమాటం పనికిరాదు.

జీతం తక్కువేనన్న మీ బెంగ అర్థమైంది. పేరున్న క్రిమినల్ లాయరు సంపాదనతో దీన్ని పోల్చకండి. కానీ ఎన్‌రోల్ అయిన ఏడాదిలోనే రిమాండు, బెయిలు, సాక్షుల క్రాస్ అన్నీ చేతి మీదుగా వెళ్లే అవకాశం సీనియర్ల ఛాంబర్లలో అంత తేలిగ్గా దొరకదు. మీ అమ్మాయిని ఈ సెలవుల్లో సెషన్స్ కోర్టులో వారం రోజులు కూర్చోమనండి. ఒక సాక్షిని పిలిపించిన పక్షం అడిగే మొదటి విచారణ (చీఫ్ ఎగ్జామినేషన్), క్రాస్ పూర్తిగా రాసుకుని, ఏ ప్రశ్న దేనికోసం అడిగారో పక్కన రాయమనండి. ఆ కాగితాలు పట్టుకుని డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసుకు వెళ్లి, అక్కడి డిప్యూటీ చీఫ్‌కు చూపించి సందేహాలు అడగమనండి.