పోలీసులు చెప్పిన సెక్షనే లేకపోతే?

ప్రశ్న: మా తమ్ముడు మా ఊరి రోడ్డు పనుల గురించి ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టాడు. స్టేషన్ నుంచి ఫోన్ చేసి "66ఏ కేసు రాస్తున్నాం, వచ్చి కూర్చో" అన్నారు. రెండు రోజులుగా ఇంట్లో ఒకటే టెన్షన్. వాణ్ని అరెస్టు చేయగలరా?
– ఒక అక్క

జవాబు: అమ్మా, ఆ సెక్షన్ కింద చేయలేరు. ఆన్‌లైన్‌లో పెట్టే అభ్యంతరకర రాతలకు శిక్ష వేసే, ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు జడ్జీల్లో ఒకరు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. అయినా దాని కింద కేసులు ఆగలేదు. ఇక రాయొద్దని 2022 అక్టోబరులో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చట్టం తెలియదంటే మనల్ని ఏ కోర్టూ వదలదు. మరి దాన్ని అమలు చేసేవాళ్లు తెలుసుకోకపోతే ఎలా? ఇలాంటి కేసులోనే ఒక కుర్రాడి కోసం నేను స్టేషన్‌కు వెళ్లి తీర్పు కాపీ అక్కడ కేసులు రాసే రైటర్ చేతిలో పెట్టాను. ఆయన చదివి, "మాకెవరూ చెప్పలేదు మేడమ్" అన్నాడు. ఆయన అబద్ధమాడాడని నేననుకోను. కానీ అప్పటికే ఆ పిల్లాడు రాత్రంతా బెంచీ మీద కూర్చున్నాడు.

అయితే ధీమాగా ఉండొద్దు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని వేరే సెక్షన్ పెట్టొచ్చు. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో, అరెస్టు అవసరం లేనప్పుడు ముందు నోటీసు ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీ సెక్షన్ పేరుతో అందరూ 41ఏ నోటీసు అనేది ఇదే. 2024 జులై 1 నుంచి ఇది సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 35(3) సెక్షన్. ఫోన్ పిలుపు నోటీసు కాదు. వాట్సాప్‌లో పంపినా చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. "నోటీసు కాగితం ఇవ్వండి సార్, వస్తాను" అని మర్యాదగా అడగమనండి.

కాగితం అందితే మాత్రం చెప్పిన రోజుకు తప్పకుండా వెళ్లాలి. పిలిచినప్పుడల్లా వెళ్తున్నవాణ్ని, కారణాలు రాసిపెట్టకుండా అరెస్టు చేయకూడదు. ఎగ్గొడితే ఆ కారణం మనమే చేతికిచ్చినట్టు. ఈ పద్ధతి పాటించని అధికారి మీద శాఖాపరమైన చర్యతో పాటు కోర్టు ధిక్కారం కూడా ఉంటుందని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒకవేళ అరెస్టు చేస్తే కారణం అతనికి చెప్పాలి, ఇంటికి కబురు చేయాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కొట్టినా, కారణం చెప్పకపోయినా అక్కడ నోరు విప్పాలి. చాలామంది భయపడి అక్కడే మౌనంగా ఉండిపోతారు. లాయరుకు డబ్బు లేకపోతే ఉచిత న్యాయసహాయం నంబరు 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు లాయర్ని ఉచితంగా ఇస్తారు.

భయపడి పోస్టు తీసేయకండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తమ్ముడు ఏం రాశాడో చూపించడానికి రేపు మనకే అది కావాలి.