అమెరికా హైస్కూల్లో సైన్స్: ఏ ఏడాది ఏ కోర్సు?

ప్రశ్న: హైదరాబాద్‌లో తొమ్మిదో తరగతి పూర్తిచేసిన మా బాబును డాలస్ దగ్గర పదో గ్రేడులో చేర్చాం. సైన్స్‌లో బయాలజీ ఒక్కటే ఇచ్చారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ వెనకబడిపోవా?

జవాబు: మన బళ్లలో మూడూ ఏటా కొంత కొంత నడుస్తాయి. అక్కడ ఏడాదికి ఒకటే, మొదలు నుంచి చివరిదాకా. ఎక్కువచోట్ల తొమ్మిదిలో బయాలజీ, పదిలో కెమిస్ట్రీ, పదకొండులో ఫిజిక్స్ అనేదే వరస. అందుకని పాఠాల గురించి బెంగ వద్దు. చూసుకోవలసింది క్రెడిట్ల (కోర్సు పూర్తిచేస్తే జమయ్యే పాయింట్ల) లెక్క. టెక్సాస్‌లో హైస్కూల్ డిప్లొమాకు బయాలజీతో కలిపి 3 సైన్స్ క్రెడిట్లు చాలుగానీ, ఎండార్స్‌మెంట్ (డిప్లొమా మీద ఒక రంగం పేరుతో వచ్చే అదనపు గుర్తింపు) కావాలంటే 4 ఉండాలి. మీ బాబుకు మిగిలింది మూడేళ్లే. ఇండియా తొమ్మిదో తరగతికి సైన్స్ క్రెడిట్ రాకపోతే, ఆ 4 కోసం ఏదో ఒక ఏడాది రెండు సైన్సులు కలిపి చదవాల్సిందే.

మార్కుల జాబితాలో ‘సైన్స్’ అని ఒకే మాట ఉంటే దాన్ని ఏ కోర్సుగా లెక్కకట్టాలో కోర్సులు కేటాయించే బడి కౌన్సెలర్‌కు తోచదు. పాత బడి నుంచి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తెప్పించండి: ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మార్కులు విడివిడిగా, వారానికి ఎన్ని పీరియడ్లు, ఏయే పాఠాలు జరిగాయి. అదీ పనిచేయకపోతే ‘క్రెడిట్ బై ఎగ్జామ్’ (పరీక్ష రాసి క్రెడిట్ పొందడం) అడగండి. ఆ కోర్సు ముందు చదివి ఉంటే నూటికి 70, చదవకుండా నేరుగా రాస్తే 80 రావాలి. పరీక్ష తేదీలు స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి బళ్లను నడిపే స్థానిక సంస్థ) ముందే ప్రకటిస్తుంది, వేసవి దాకా ఆగకండి.

ప్రశ్న: అమ్మాయి పదకొండో గ్రేడు, లెక్కల్లో ప్రీకాల్క్యులస్. ఇంజినీరింగ్ చేస్తానంటోంది. ఏపీ ఫిజిక్స్‌లో 1, 2, సి అని ఉన్నాయి. ‘సి’ తీసుకుంటేనే విలువ అంటున్నారు, నిజమేనా?

జవాబు: (ఈ ఏపీ మన ఆంధ్ర కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. కొత్తగా వెళ్లినవాళ్లు ఒకసారైనా పొరబడతారు.) ఫిజిక్స్ 1 అంటే కాల్క్యులస్ లేని మెకానిక్స్. 2024-25 నుంచి ద్రవాల పాఠం కూడా ఇందులోకే వచ్చింది. ఫిజిక్స్ 2లో ఉష్ణం, విద్యుత్తు, అయస్కాంతత్వం, కాంతి, ఆధునిక ఫిజిక్స్. ‘సి’ నిజానికి రెండు కోర్సులు, మెకానిక్స్ ఒకటి, విద్యుత్తు-అయస్కాంతత్వం ఒకటి. రెంటికీ కాల్క్యులస్ కావాలి.

సైన్స్ కోర్సును పక్కన నడిచే లెక్కల కోర్సును చూసి ఎంచుకోవాలి, పేరు బరువును చూసి కాదు. ప్రీకాల్క్యులస్‌తో ‘సి’లో కూర్చుంటే మొదటి నెల బాగానే ఉంటుంది. మారే బలం చేసే పని లెక్కకట్టేటప్పుడు ఇంటిగ్రేషన్ వస్తుంది, గాలి నిరోధం దగ్గర డిఫరెన్షియల్ సమీకరణం వస్తుంది. అక్కడ ఆగిపోతారు. ఈ ఏడు ఫిజిక్స్ 1, వచ్చే ఏడు కాల్క్యులస్‌తో పాటు ‘సి’. ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువగా చూసేది ‘సి’నే కాబట్టి నష్టమేమీ లేదు.

ఏపీ ఫిజిక్స్ పరీక్ష మేలో ఉంటుంది: 40 బిట్లకు 80 నిమిషాలు, నాలుగు పెద్ద ప్రశ్నలకు 100 నిమిషాలు. సూత్రాలు బాగా వచ్చిన మన పిల్లలు కూడా మార్కులు పోగొట్టుకునేది ప్రయోగం మీద వచ్చే ప్రశ్నలో. లోలకంతో గురుత్వ త్వరణం g కనుక్కోమన్నారనుకోండి. దారం పొడవు 0.20 నుంచి 1.00 మీటరు దాకా అయిదు రకాలు తీసుకోవాలి. పది డిగ్రీలకు మించకుండా వదలాలి. ఒక్క ఊపు కాకుండా పది ఊపులకు కాలం చూసి పదితో భాగించాలి, అప్పుడు స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే తేడా పదో వంతవుతుంది. తప్పు జరిగేది దీని తర్వాత. ఒక ఊపు కాలం T, దారం పొడవు L మధ్య గ్రాఫ్ గీస్తే వంపు తిరుగుతుంది, దాని మీద బలవంతంగా స్కేలు పెట్టి వాలు తీస్తారు. T వర్గానికి, L కు గీయాలి. అప్పుడు సరళరేఖ వస్తుంది, దాని వాలు 4π²/g. వాలు సుమారు 4.03 వస్తే g 9.8 అవుతుంది. వాలుకు బిందువులు గీసిన రేఖ మీదవి, దూరదూరంగా ఉన్నవి తీసుకోవాలి, పట్టికలోవి కాదు.

ఇక్కడో చమత్కారం ఉంది. పొడవును గుండు మధ్యదాకా కొలవకుండా కొక్కెం దాకానే కొలిస్తే రేఖ మూలబిందువు గుండా పోదు, కానీ వాలు మారదు. g సరిగ్గానే వస్తుంది. ఒక్క కొలతను సూత్రంలో పెట్టేసినవాడికి మాత్రం తప్పు వస్తుంది. గ్రాఫ్ ఎందుకు గీయమంటారో ఈ సంగతి రాయగలిగితే మార్కులు ఖాయం.

ప్రశ్న: మామూలు కెమిస్ట్రీ వదిలేసి పదో గ్రేడులోనే నేరుగా ఏపీ కెమిస్ట్రీ చేయొచ్చా?

జవాబు: కొన్ని బళ్లు ఒప్పుకుంటాయి. మేం వద్దంటాం. ఒక ఏడాది కెమిస్ట్రీ, ఆల్జీబ్రా 2 అయ్యాక తీసుకోమని పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డే సూచిస్తోంది. మోల్ లెక్కలు, ఫార్ములాలు వచ్చనుకునే పాఠం మొదలవుతుంది. సమతాస్థితి, బఫర్ల దగ్గరికొచ్చేసరికి లాగరిథమ్ చేతిలో ఆడాలి. తరగతి సమయంలో పావు వంతు ల్యాబ్‌కే పోతుంది. ఆ ల్యాబ్ పుస్తకం పారేయకండి, క్రెడిట్ ఇచ్చేముందు కొన్ని యూనివర్సిటీలు చూపించమంటాయి.

ప్రశ్న: ఆనర్స్‌లో (అదే సబ్జెక్టు కాస్త కష్టమైన స్థాయిలో) ‘బి’ గ్రేడు మేలా, రెగ్యులర్‌లో ‘ఎ’ మేలా?

జవాబు: ఆనర్స్‌కు సగటు గ్రేడులో కలిపే అదనపు పాయింటు ఎంతో స్కూల్ డిస్ట్రిక్ట్‌ను బట్టి మారుతుంది, ముందు మీ బడి కోర్సు గైడు చూడండి. వచ్చే ఏడు అదే సబ్జెక్టులో ఏపీ తీసుకునే ఉద్దేశం ఉంటే ఆనర్స్, లేకపోతే రెగ్యులర్.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. పాప ఇండియాలో ఎంబీబీఎస్ చదవాలనుకుంటోంది. తొమ్మిదిలో బయాలజీ అయిపోయింది, ఇప్పుడు పదో గ్రేడు. నీట్‌కు అది సరిపోతుందా?

జవాబు: దాన్ని నమ్ముకోవద్దు. నీట్ అర్హతకు ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు చదివి ఉండాలి. తొమ్మిదో గ్రేడు బయాలజీ ఆ స్థాయి కిందకు రాదు. పదకొండు, పన్నెండులలో ఏపీ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ మూడూ పడేలా ఇప్పుడే ఏడాదికొకటి చొప్పున నాలుగు గడుల కాగితం గీసుకోండి. చాలామంది పన్నెండులో సులువని ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పెట్టుకుంటారు, నీట్ దృష్టిలో అది బయాలజీ కాదు. ఒకటి గుర్తుంచుకోండి: నీట్‌లో 180 ప్రశ్నలకు 90 బయాలజీవే, 720లో 360 మార్కులు. ఏపీ బయాలజీలో ప్రయోగ ఫలితాలను విశ్లేషించమంటారు, నీట్‌లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని వాక్యాన్ని గుర్తుపట్టమంటారు. పదకొండు, పన్నెండు తరగతుల ఆ ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకాలు రెండూ పదకొండో గ్రేడు వేసవిలోనే మొదలుపెట్టాలి. డిప్లొమా రాగానే ఏఐయూ (అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్) నుంచి, అది మన ఇంటర్‌కు సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి, కౌన్సెలింగ్ మొదలయ్యాక పరుగెత్తితే అందదు.