ప్రతి కొలతకూ ±0.01 ఎందుకు?

ప్రశ్న: మాది బాలానగర్ పారిశ్రామికవాడలో చిన్న మెషీన్ షాపు. బెల్టుతో నడిచే పంపులకు షాఫ్ట్‌లు చేసే ఆర్డరు వచ్చింది. డ్రాయింగ్‌లో బేరింగ్ కూర్చునే 25 మి.మీ. వ్యాసం మొదలుకొని 180 మి.మీ. మొత్తం పొడవు, చివరి చాంఫర్ (అంచున ఏటవాలు కోత) వరకు అన్నింటికీ టాలరెన్స్ (అనుమతించే తేడా) ±0.01 మి.మీ. వేశారు. అడిగితే ‘క్వాలిటీ కోసం’ అంటున్నారు. ఇది సరైన పద్ధతేనా? టాలరెన్స్‌ను అసలు దేన్ని బట్టి నిర్ణయించాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సరైన పద్ధతి కాదు. అలాంటి డ్రాయింగ్ అక్కర్లేని చోట ఖర్చు పెంచుతుంది, అసలు జాగ్రత్త కావలసిన చోట తప్పు కొలత ఇస్తుంది. ఈ రెండోదే ఎక్కువ నష్టం.

మీ పంపులో 6205 బాల్ బేరింగ్ ఉందనుకుందాం. సాధారణ శ్రేణి బేరింగ్‌లో లోపలి రింగు బోర్ 24.990 నుంచి 25.000 మి.మీ. వరకు ఉంటుంది. బెల్టు లాగుడు ఎప్పుడూ ఒకే దిక్కున ఉండి, లోపలి రింగు షాఫ్ట్‌తో కలిసి తిరుగుతున్నప్పుడు ఆ రింగు షాఫ్ట్‌ను కాస్త బిగువుగా పట్టుకొని ఉండాలి. అందుకని అక్కడ కె6 (షాఫ్ట్ వ్యాసం హద్దులు చెప్పే ప్రామాణిక గుర్తు) వంటి ఫిట్ ఇస్తారు, అంటే వ్యాసం 25.002 నుంచి 25.015 మధ్య రావాలి. మీకిచ్చిన డ్రాయింగ్ ప్రకారమైతే 24.990 ఉన్న షాఫ్ట్ కూడా పాసవుతుంది. దాని మీద 25.000 బోర్ ఉన్న బేరింగ్ ఎక్కిస్తే 10 మైక్రాన్ల (0.01 మి.మీ.) వదులు మిగిలి, లోడు మీద రింగు షాఫ్ట్ చుట్టూ మెల్లగా జరుగుతూ కొన్నాళ్లకు ఆ సీటును అరగదీస్తుంది. పైగా ±0.01 అంటే మొత్తం 20 మైక్రాన్ల పరిధి, కె6 పరిధి 13 మైక్రాన్లే. ఎంతో గట్టిగా కనిపించే ఆ అంకె, గట్టిగా ఉండవలసిన ఒక్క చోట వదులైనదన్నమాట.

ఆయిల్ సీల్ పెదవి ఆనే చోట లెక్క తారుమారవుతుంది. అక్కడ వ్యాసానికి హెచ్11 అనే మరింత వదులైన శ్రేణి చాలు, అంటే 25.000 నుంచి 24.870 వరకు ఎంతున్నా సీల్ పనిచేస్తుంది. దానికి కావలసింది నునుపు: సగటు గరుకుదనం (ఆర్ఏ) 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య ఉండాలి, టూలు వదిలిన మరచుట్టు లాంటి గీతలు ఉండకూడదు. ఆ గీతల వెంటే ఆయిల్ బయటికి నడుస్తుంది. మీ డ్రాయింగ్‌లో ఈ ఫినిష్ గుర్తు ఉందో లేదో ముందు చూడండి.

రెండు బేరింగ్ సీట్లు ఒకే అక్షం మీద ఉండాలన్న షరతును కూడా ఏ ±0.01 చెప్పలేదు. వ్యాసాలు రెండూ సరిగ్గా ఉండి, అక్షాలు తేడాగా ఉండవచ్చు. దానికి రనౌట్ (తిరిగేటప్పుడు ఉపరితలం ఊగే తేడా) టాలరెన్స్ విడిగా ఇవ్వాలి. మీరైతే రెండు సీట్లనూ సెంటర్ల మధ్య ఒకే సెట్టింగ్‌లో గ్రైండ్ చేస్తే మంచిది.

ఇక మిగతావి. మొత్తం పొడవు, చాంఫర్ వంటి, దేనికీ జతపడని కొలతలకు, సాధారణ టాలరెన్స్‌ల ప్రమాణమైన ఐఎస్ఓ 2768లోని మధ్యమ శ్రేణి సరిపోతుంది: 180 మి.మీ. పొడవుకు ±0.5, 1 మి.మీ. చాంఫర్‌కు ±0.2. పొడవుకు ±0.01 అడగడం ఎంత అసంబద్ధమో వేడిమి లెక్క చెబుతుంది. ఉక్కు మీటరుకు, డిగ్రీకి దాదాపు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది కాబట్టి, లేత్ మీంచి దింపిన షాఫ్ట్ కొలిచే పరికరం కన్నా 20 డిగ్రీలు వేడిగా ఉంటే 0.04 మి.మీ. ఎక్కువ చూపుతుంది. కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెల్లుతాయన్న అంతర్జాతీయ ఒప్పందం ఇందుకే ఉంది.

కొలిచే సాధనం సంగతీ తేల్చుకోండి. 0.02 లీస్ట్ కౌంట్ (చదవగల అతి చిన్న కొలత) ఉన్న వెర్నియర్‌తో ±0.01ను తీర్పు చెప్పలేం. 13 మైక్రాన్ల పరిధిని చూడటానికి 0.001 చదివే మైక్రోమీటరో, ఆ కొలతకే చేయించిన గో, నో-గో గేజో (కొలత హద్దుల్లో ఉందో లేదో మాత్రమే చెప్పే సాధనం) కావాలి. వీటి ఖర్చు మీ కొటేషన్‌లో చేరాలి.

కొనుగోలుదారుతో ‘టాలరెన్స్ పెంచండి’ అని వాదించకండి, బేరమనుకుంటారు. డ్రాయింగ్ నకలు మీద ఒక్కో ఉపరితలాన్ని గుర్తించి ‘ఇది దేనితో జతపడుతుంది?’ అని రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చిన చోట ఫిట్ వేయించుకోండి, రాని చోట సాధారణ టాలరెన్స్ ప్రతిపాదించండి.

ప్రశ్న: వరుసగా పేర్చిన ఐదు భాగాలకు తలా ±0.1 ఉంటే మొత్తం తేడా ±0.5 అని ఒకరు, ±0.22 అని మరొకరు చెప్పారు. ఏది నిజం?
– ఒక డిప్లొమా విద్యార్థి, విజయవాడ

జవాబు: రెండూ నిజమే, షరతులు వేరు. మొదటిది అన్ని భాగాలూ ఒకేసారి చివరి హద్దులో ఉన్నప్పటి లెక్క. రెండోది తేడాల వర్గాల మొత్తానికి వర్గమూలం. ఒక భాగం కొలతకు మరోదానితో సంబంధం లేకుండా, అన్నీ మధ్య విలువ చుట్టూ పరచుకొని ఉంటేనే అది చెల్లుతుంది. చిన్న షాపుల్లో అలా ఉండదు. మెటీరియల్ మిగిలి ఉంటే మళ్లీ కట్ తీయవచ్చు కదా అని ఆపరేటర్ ప్రతి భాగాన్నీ పెద్ద హద్దు వైపే ఆపుతాడు, ఐదూ కలిసి ఒకే దిక్కుకు మొగ్గుతాయి. కాబట్టి కొద్ది సంఖ్యలో చేసే పనికి ±0.5 లెక్కే పట్టుకోండి. అంత తేడా భరించలేని అమరికైతే ఐదింటినీ బిగించే బదులు చివర ఒక షిమ్ (సందు పూడ్చే పలుచని రేకు) పెట్టే వీలు డిజైన్‌లోనే కల్పించండి.