కష్టసుఖాలు సమానమైనా జమాఖర్చులు సమానం కాలేదు

ప్రశ్న: ఏటా సంవత్సరాంతపు సెలవుల్లో మా కుటుంబమంతా ఒకచోట చేరి, ఆ ఏడాది మంచిచెడ్డలు చెప్పుకోవడం మాకు అలవాటు. ఈ ఏడాది మొదట్లోనే మావారి ఉద్యోగం పోయింది. 7 నెలల తర్వాత 20 శాతం తక్కువ జీతానికి మరోచోట చేరారు. ఆ మధ్యలోనే మామగారికి గుండె ఆపరేషన్ అయింది, మా అమ్మాయికి తొలి ఉద్యోగం వచ్చింది. కంపెనీ ఇచ్చిన పరిహారం, దాచుకున్న సొమ్ము, మా మరిది సర్దిన డబ్బు, క్రెడిట్ కార్డు, వీటితో నెట్టుకొచ్చాం. మొత్తం మీద చూస్తే మంచీ చెడూ సరిసమానమనే అనిపిస్తోంది. ఇక పాత పద్ధతిలోనే కొనసాగవచ్చా? ఏడాదంతా నలిగిపోయిన చిన్నవాడి కోసం ఈ సెలవుల్లో ఒక ప్రయాణాన్ని కార్డు మీద వాయిదాల్లో పెట్టుకోవచ్చా? డబ్బు సంగతులు అందరి ముందూ ఎంతవరకు చెప్పాలి?

జవాబు: మీరు పంపిన వివరాలన్నిటినీ ఒకే కొలతలోకి మార్చి చూశాను. మీ పాత నెల ఖర్చును 100 అనుకుందాం. ఏడాది మొదట్లో మీ దగ్గర 400 నిల్వ ఉంది, కారు లోను తప్ప అప్పు లేదు. మీ జీతం 50 కాబట్టి, మీవారు ఖాళీగా ఉన్న 7 నెలల్లో 350 లోటు పడింది. అందులో 300 పరిహారంతో పూడింది. ఆపరేషన్‌కు చేతి నుంచి పెట్టినది 400, అమ్మాయి కొత్త ఊళ్లో కుదురుకోవడానికి అయినది 100. అంటే మొత్తం 550 ఎక్కడి నుంచో తేవలసి వచ్చింది. నిల్వలోంచి 200 తీశారు, మరిది 200 ఇచ్చారు, మిగిలిన 150 కార్డు మీద ఉంది. 400 నిల్వతో మొదలైన ఇల్లు ఏడాది చివరికి, కార్డు బాకీ, మరిది బాకీ తీసివేస్తే, 150 లోటులో నిలిచింది. ఇది సరిసమానం కాదు, అయిదున్నర నెలల ఖర్చు తరిగిపోవడం.

మరి సరిసమానమని ఎందుకు అనిపించింది? సాధారణంగా మనం మంచిని ఇక మనతోనే ఉండేదిగానూ, చెడును గడిచిపోయినదిగానూ లెక్కవేసుకుంటాం. మీ విషయంలో జరిగింది సరిగ్గా దానికి తలకిందులు. పరిహారం ఒక్కసారి వచ్చిపోయింది, మళ్లీ రాదు. తగ్గిన జీతం మాత్రం ప్రతినెలా తగ్గే వస్తుంది. ఆపరేషన్ అయిపోయింది కానీ, మామగారి మందులకు నెలనెలా అయ్యే 4 ఇకముందూ ఉంటుంది. ఇంకొక చిక్కు ఉంది. 20 శాతం తగ్గిన జీతం పాత స్థాయికి చేరాలంటే 20 శాతం పెంపు చాలదు, 25 శాతం కావాలి. ఒకటి రెండు ఇంక్రిమెంట్లతో అంతా సర్దుకుంటుందన్న ఆశ మీద బడ్జెట్ వేసుకోవద్దు.

ఇప్పుడు నెలవారీ పరిస్థితి చూడండి. మీవారి జీతం 70 నుంచి 56కు దిగింది. మీ 50 కలిపితే 106. పాత ఖర్చు 100, మందులు 4 పోగా మిగిలేది 2. కార్డు బాకీ 150 మీద నెలకు 3 శాతం వడ్డీ అని రాశారు, అంటే నెలకు నాలుగున్నర. మీకు మిగిలేదంతా కార్డుకే కట్టినా బాకీ తగ్గకపోగా పెరుగుతూనే ఉంటుంది. నెలకు 3 శాతమంటే ఏడాదికి 36 అనిపిస్తుంది గానీ, వడ్డీ మీద వడ్డీ చేరితే అది 42 శాతం దాటుతుంది. పైగా చాలా కార్డుల్లో పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు కూడా వర్తించదు. కాబట్టి పాత పద్ధతిలో కొనసాగడం కుదరదు.

ముందుగా, మిగిలిన 200 నిల్వలోంచి 100 తీసి ఈ నెలలోనే కార్డుకు కట్టేయండి. మొత్తం 150 ఒకేసారి తీర్చేయవచ్చు కదా అని అడగవచ్చు. మీవారిది కొత్త ఉద్యోగం. చేతిలో 50 మాత్రమే ఉంచుకుంటే, ఏ చిన్న అవసరం వచ్చినా మళ్లీ ఆ కార్డే గీకవలసి వస్తుంది. 100 ఉంటే, మీ జీతం ఆగనంతవరకు దాదాపు రెండు నెలల లోటును పూడ్చుకోగలరు. ఆ తర్వాత ఇంటి ఖర్చును 90కి దించండి. మీ జాబితాలో రెండో కారు వాయిదా, ఇంధనం, బీమా కలిపి 7 అవుతున్నాయి. మీవారి కొత్త ఆఫీసు ఇంటికి దగ్గరేనని మీరే రాశారు కనుక, దాన్ని అమ్మి వాయిదాలు ముగించేయడం మేలు. వాడకం లేని చందాలు, క్లబ్బు సభ్యత్వం మానుకుంటే మిగిలిన 3 కూడా తగ్గుతుంది. అప్పుడు నెలకు 12 మిగులుతుంది, కార్డు బాకీ వడ్డీతో సహా అయిదో నెలలో తీరిపోతుంది.

అమ్మాయి జీతాన్ని ఇంటి లెక్కలో కలపకండి. ఇస్తానని తను అనడం ముచ్చటే గానీ, తొలి అయిదు నెలలూ తన అత్యవసర నిల్వ తనే కూడబెట్టుకోనివ్వండి. ఆ తర్వాత తాతగారి మందుల ఖర్చు తను పెట్టుకుంటానంటే కాదనవద్దు. మీ మిగులు అప్పుడు 16 అవుతుంది. అందులో 10 మరిదికి, 6 నిల్వకు వేస్తే, 20 నెలల్లో ఆయన బాకీ తీరుతుంది, మీ నిల్వ దాదాపు రెండున్నర నెలల ఖర్చుకు చేరుతుంది. అది కనీసం 3 నెలలకు, వీలైతే 6 నెలలకు చేరేదాకా ఆపవద్దు. ఆపరేషన్ ఖర్చు అంతగా మీద పడటానికి కారణం, ఉద్యోగంతో పాటే కంపెనీ ఆరోగ్య బీమా కూడా పోవడం. కొత్త కంపెనీ బీమా ఎవరెవరికి వర్తిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకుని, మీ ముగ్గురికీ సొంత పాలసీ ఒకటి తీసుకోండి. మామగారికి విడిగా తీసుకుంటే, ఇదివరకే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఎంతో చూసుకోండి.

ఇక చెప్పుకోవడం సంగతి. సెలవులకు బయలుదేరేలోపే మీరిద్దరూ కూర్చుని ఈ లెక్క కాగితం మీద పెట్టండి. మరిదితో అందరి ముందూ కాకుండా విడిగా మాట్లాడండి. తొందరేం లేదని ఆయన అనడం మంచితనం, కానీ తోడికోడలికి కూడా ఇంటి ఖర్చులు ఉంటాయి కదా. ఫలానా నెల నుంచి నెలకు ఇంత చొప్పున ఇస్తామని రాసి ఇవ్వండి. మామగారి ముందు ఆపరేషన్‌కు ఎంత అయిందన్న అంకె ఎత్తవద్దు, తన వల్లే ఇల్లు అప్పుల పాలైందని ఆయన బాధపడతారు. చిన్నవాడికి మాత్రం దాచకుండా, జీతం తగ్గింది కాబట్టి ఈ ఏడాది ఖర్చు తగ్గిస్తున్నామని చెప్పండి. కారణం తెలియకపోతే పిల్లలు ఇంకా పెద్ద కష్టమేదో ఊహించుకుంటారు.

ప్రయాణం కార్డు మీద వాయిదాల్లో వద్దు. కారు అమ్మిన డబ్బులో లోను తీరగా కొంత మిగిలితే, అందులోంచి 5 మించకుండా రెండు రోజులకు ఎక్కడికైనా వెళ్లిరండి, మిగతాది కార్డుకే కట్టండి. ఏమీ మిగలకపోతే కార్డు బాకీ తీరిన మరుసటి నెల మిగులును దానికి కేటాయించి, ఆ తేదీని వాడికి ఇప్పుడే చెప్పేయండి.