బాణసంచా పడి పడవ కాలింది: నష్టపరిహారం ఎవరిని, ఎప్పటిలోగా అడగాలి?

ప్రశ్న: మాది కర్నూలు. తుంగభద్రలో భక్తులను తిప్పే మర పడవ నాకు ఒక్కటే జీవనాధారం. 2025 నవంబరు 5న, కార్తీక పౌర్ణమి రాత్రి, ఒక ఉత్సవ కమిటీ వారు నది మధ్యనున్న ఇసుక దిబ్బ మీద నుంచి బాణసంచా కాల్పించారు. అందులో గొట్టంలోంచి పైకెగిరి పేలవలసిన ఒక షెల్ (బాణసంచా గుండు) పైకి పోకుండా పక్కకు వచ్చి మా పడవ మీద పడింది. టార్పాలిన్ కప్పు అంటుకుని పడవ సగం కాలిపోయింది. ఇంజన్ పాడైపోతే పాత ఇనుముకు అమ్మేశాను. పడవలో ఉన్న మా తమ్ముడి కొడుకు, పదహారేళ్ల వాడు, కుడి చేయి కాలి నెల రోజులకు పైగా బడికి పోలేదు. పోలీసులు మాట్లాడి సర్దుకోండన్నారు, కేసు రాయలేదు. కమిటీ వారు పది నెలలుగా తిప్పుకుని, ఇప్పుడు నలభై వేలు ఇస్తాం, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టమంటున్నారు. పడవలు దాటకూడదని పోలీసులు హద్దుగా కట్టిన తాడు దగ్గరే మా పడవ ఉండింది; ఇంజన్ ఆగిపోవడంతో ప్రవాహానికి కొంత లోపలికి పోయింది. పడవకు రిజిస్ట్రేషన్ లేదు. తెలిసిన ఒకాయన పాత తేదీతో కాగితం తెప్పిస్తానని, పడవ ఒడ్డున కట్టేసి ఉందని చెప్పమని అంటున్నాడు. వచ్చే కార్తీక పౌర్ణమికి ఏడాది అవుతుంది, అప్పటిదాకా చూసి కేసు వేద్దామని మా పెద్దలు అంటున్నారు. మా అమ్మ ఆ పడవను చూసి రోజూ ఏడుస్తోంది. మాకు న్యాయం జరుగుతుందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: మీ ఉత్తరంలో సగానికి పైగా కమిటీ వారి మాట తప్పడం గురించీ, ఇంట్లో వారి బాధ గురించీ ఉంది. అవి నిజమే కావచ్చు గానీ, మీ దావా నిలిచేదీ పోయేదీ వాటి వల్ల కాదు. మీరు మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతే మీ కేసంతా: షెల్ పడిన క్షణంలో మీ పడవ తాడుకు ఏ వైపు ఉంది, ఒకవేళ లోపలి వైపే ఉంటే అక్కడికి ఎలా వచ్చింది? ప్రతివాది న్యాయవాది మొదట అడిగేది ఇదే, ఆఖరున అడిగేదీ ఇదే.

తాడుకు బయట ఉండగా పడివుంటే మీ పని సులువు. ప్రేక్షకులకూ పడవలకూ సురక్షితమని నిర్వాహకులే చూపించిన చోట షెల్ వచ్చి పడిందంటే, గొట్టం సరిగా పాతలేదనో, ఒరిగిందనో, దూరం చాలలేదనో అర్థం. వీటిలో ఏదైనా వారి నిర్లక్ష్యమే అవుతుంది. లోపల ఉంటే మాత్రం తప్పులో మీకూ వాటా ఉందని వారు వాదిస్తారు. కోర్టు ఆ వాదనను అంగీకరిస్తే మీ దావాను పూర్తిగా కొట్టివేయకపోయినా, మీ వాటా ఎంతో నిర్ణయించి పరిహారాన్ని ఆ మేరకు తగ్గిస్తుంది. ప్రయాణికులు దగ్గరగా చూపించమన్నారని మీరే పడవను లోపలికి నడిపి ఉంటే ఆ తగ్గింపు పెద్దదిగా ఉంటుంది. ఇంజన్ ఆగి కొట్టుకుపోయి ఉంటే, ఆ సంగతిని రుజువు చేయగలిగితే, చాలా తక్కువగా ఉంటుంది. కాబట్టి ఇంజన్ ఆగిందన్న మాటే మీకు ప్రాణం. ఆ ఇంజన్‌ను మీరు పాత ఇనుముకు అమ్మేశారు! ఇంత పెద్ద నష్టం మీద దావా వేయాలనుకునే మనిషి చేయకూడని పని ఇది. ఆగిపోయిన ఇంజన్‌ను మెకానిక్ విప్పి చూసి, ఇది నిప్పు తగలకముందే ఆగిందా, తగిలాక ఆగిందా అని చెప్పగలిగేవాడు. ఆ అవకాశం మీ చేతులారా పోగొట్టుకున్నారు. కొన్న వ్యాపారి దగ్గర అది ఇంకా ఉందేమో ఈ రోజే వెళ్లి చూడండి. ఉంటే తిరిగి కొని, ఇద్దరు సాక్షుల ఎదుట ఫొటోలు తీయించి, విప్పకుండా భద్రపరచండి. మిగిలిన పడవ చెక్కను కూడా మరమ్మతు చేయించవద్దు, రంగు వేయించవద్దు. దావా వేసిన వెంటనే అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున చూసి నివేదిక ఇచ్చే న్యాయవాదిని, నియమించమని కోరి, దాని స్థితిని కోర్టు ద్వారానే నమోదు చేయించుకోవచ్చు.

ఇంజన్ దొరక్కపోయినా ఆ రాత్రి ప్రవాహం ఎంత ఉందో చెప్పే కాగితం ఒకటి ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. ఎగువన సుంకేసుల బ్యారేజీ నుంచి ఆ రోజు, ఆ ముందు రోజు ఎంత నీరు వదిలారో జలవనరుల శాఖ రికార్డు చేస్తుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. నీరు నిలకడగా ఉన్నట్టు ఆ రికార్డులో తేలితే మాత్రం, కొట్టుకుపోయామన్న కథను కోర్టులో ఎత్తవద్దు. ఎదుటివారు అదే కాగితం తెచ్చి మీ నోరు మూయిస్తారు. అదే విధంగా, ప్రదర్శనకు అనుమతి ఇచ్చిన పత్రాలు, అందులోని షరతులు, అగ్నిమాపక శాఖ అభిప్రాయం, పోలీసు బందోబస్తు ఉత్తర్వు నకళ్లు కూడా వేర్వేరు దరఖాస్తులతో అడగండి. పడవలను ఎంత దూరంలో ఆపాలో అనుమతి పత్రంలో రాసి ఉండి, తాడు అంతకంటే దగ్గర కట్టి ఉంటే, మీరు లోపలికి వెళ్లారన్న వాదన బలం సగం పోతుంది.

అసలు ఆ దూరం ఎంత ఉండాలన్నదే నిపుణుడి సాక్ష్యంతో కోర్టు ముందు పెట్టవలసిన విషయం. అమెరికాలో నదుల మీద ఇలాంటి ప్రదర్శన జరిగితే కోస్ట్ గార్డ్ ముందుగానే సేఫ్టీ జోన్ ప్రకటించి పడవలను ఆపుతుంది. అక్కడి అగ్నిరక్షణ ప్రమాణం ప్రకారం నిటారుగా నిలిపిన గొట్టానికి వ్యాసంలో ప్రతి అంగుళానికి కనీసం 70 అడుగుల దూరం విడిచిపెట్టాలి. అంటే మూడంగుళాల షెల్‌కు 210 అడుగులు, నాలుగంగుళాలదైతే 280, ఆరంగుళాలదైతే 420 అడుగులు. ఆ ప్రమాణం మన కోర్టులను కట్టివేయదు. కానీ జాగ్రత్త గల నిర్వాహకుడు దూరాన్ని కంటితో కాక షెల్ పరిమాణంతో కొలుస్తాడని చెప్పడానికి అది పనికొస్తుంది. మీ పడవలో పడిన షెల్ ముక్క, కాలిన అట్ట గొట్టం ముక్క ఏదైనా దాచారా? దాచి ఉంటే నీటితో కడగకుండా, గాలి తగిలే కాగితపు సంచిలో పెట్టి సీలు వేసి, తేదీ రాసి ఉంచండి. దాన్ని బట్టి షెల్ సైజు అంచనా వేయవచ్చు, సైజు తెలిస్తే ఉండవలసిన దూరం తెలుస్తుంది.

ఆ రాత్రి ఘాట్ మీద వందల ఫోన్లు వీడియోలు తీసి ఉంటాయి. వాట్సాప్‌లో తిరిగిన నకలుతో సరిపెట్టుకోవద్దు. తీసిన మనిషిని వెతికి, అతని ఫోన్లోని అసలు ఫైలే కావాలని అడగండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఒక భాగం ఫోన్ యజమాని, మరొకటి నిపుణుడు నింపాలి, ఫైలు హాష్ విలువ (ఫైలును మార్చలేదని చూపే సంకేత సంఖ్య) కూడా రాయాలి. ఇది లేకుండా వీడియో ఎంత స్పష్టంగా ఉన్నా ఎదుటివారు అభ్యంతరం చెబుతారు. తాడు, తేలే డ్రమ్ములు, ఎర్ర జెండాలు, మీ పడవ ఒకే ఫ్రేములో కనబడే వీడియో ఒక్కటి దొరికితే చాలు, మిగతా సాక్షులందరి కంటే అది ఎక్కువ చెబుతుంది. ఘాట్ మీది సీసీ కెమెరాల రికార్డింగు పది నెలల తర్వాత మిగిలి ఉండటం అరుదు. మొదటి వారంలోనే లిఖితంగా అడిగి ఉంటే దొరికేది.

ఇప్పుడు కాలపరిమితి సంగతి. ఇందులో మీ పెద్దల సలహా మిమ్మల్ని నిలువునా ముంచుతుంది. కమిటీ మీదా, బాణసంచా కాల్చిన కాంట్రాక్టరు మీదా పడవ నష్టానికి దావా వేయడానికి లిమిటేషన్ చట్టం 91వ ఆర్టికల్ కింద మూడేళ్ల గడువు ఉంది. అయితే అనుమతి ఇచ్చిన అధికారులనూ, తాడు సరిగా కట్టని వారినీ ప్రతివాదులుగా చేర్చాలంటే, చట్టం ప్రకారం చేసిన పనికి లేదా చేయకపోయిన పనికి పరిహారం కోరే దావా కాబట్టి 72వ ఆర్టికల్ వర్తిస్తుందని, గడువు ఒక్క ఏడాదేనని వారు తప్పక వాదిస్తారు. ఏడాది అంటే పంచాంగం ప్రకారం కాదు, క్యాలెండరు ప్రకారం. మీ ఘటన 2025 నవంబరు 5న జరిగింది కాబట్టి ఆ గడువు 2026 నవంబరు 5తో ముగుస్తుంది. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చినందువల్ల కార్తీక పౌర్ణమి నవంబరు 24న పడింది. పౌర్ణమి దాకా ఆగితే పందొమ్మిది రోజులు ఆలస్యంగా కోర్టుకు వెళతారు. ప్రభుత్వం మీదా, అధికారుల మీదా దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి; ఆ నోటీసు కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు. కానీ మినహాయింపును నమ్ముకుని ఆఖరి రోజు దాకా లాగవద్దు, నోటీసు ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో వెళ్లాలి.

క్రిమినల్ కేసుకూ ఇదే తొందర. పేలుడు పదార్థాల విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 288వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఆరు నెలలు, కాబట్టి దాన్ని కోర్టు విచారణకు స్వీకరించే గడువు కూడా ఏడాదే. కుర్రవాడి గాయం తీవ్ర గాయమని తేలితే 125వ సెక్షన్‌లోని పెద్ద శిక్ష, అంటే మూడేళ్ల వరకు, వర్తించి గడువు మూడేళ్లకు పెరుగుతుంది. పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పి అనుభవించినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. నెలకు పైగా బడికి పోలేదని మీరంటున్నారు; దానికి హాజరు రిజిస్టరు నకలు, ఆసుపత్రి కేసు షీటు కావాలి. వైద్య రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య వృత్తి నియమం. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే దాన్ని పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. ఇది క్రిమినల్ కేసుల విధానం చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(4) సెక్షన్ ఇచ్చిన హక్కు.

కుర్రవాడి గాయానికి పరిహారం మీరు అడగడానికి లేదు. అది అతని హక్కు. మైనరు కాబట్టి తండ్రి అతని తరఫున దావా వేయాలి. మైనరుకు మేజరయ్యాకే గడువు లెక్క మొదలవుతుంది, కాబట్టి అతని విషయంలో కాలం మించిపోలేదు. అయినా సాక్షులు ఊళ్లో ఉండగానే వేయించండి.

1986 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన కేసులో, ప్రమాదకరమైన వ్యాపారం చేసేవారు నిర్లక్ష్యం ఉన్నా లేకున్నా నష్టానికి బాధ్యులేనని చెప్పింది. ఈ సూత్రాన్ని మీ న్యాయవాది తప్పక ఎత్తాలి. కాని అది కర్మాగారం విషయంలో చెప్పిన మాట. ఒక రాత్రి జరిగిన ప్రదర్శనకు కోర్టు దాన్ని అలాగే వర్తింపజేస్తుందని నమ్మి, నిర్లక్ష్యం రుజువు చేసే పని మానుకోవద్దు.

ఇక ఆ పాత తేదీ కాగితం. అది ముట్టుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేకపోవడం తప్పే. 2021 నాటి ఇన్లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం మర పడవకు సర్వే (పడవ తనిఖీ), రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. అవేవీ లేకుండా జనాన్ని ఎక్కించుకుని నదిలో తిప్పడం ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పనక్కరలేదు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది. ఆ తప్పుకు మీరు జరిమానా కట్టవలసి రావచ్చు. అయినా రిజిస్ట్రేషన్ లేనందువల్ల షెల్ పక్కకు రాలేదు, కాబట్టి ఆ ఒక్క లోపం మీ నష్టపరిహారాన్ని పూర్తిగా తుడిచిపెట్టదు. దొంగ కాగితం తుడిచిపెడుతుంది. ఆ కార్యాలయం రిజిస్టరు ఒక్కటి తెప్పిస్తే అది ఎప్పుడు పుట్టిందో బయటపడుతుంది. అప్పుడు నిజమైన మీ నష్టాన్ని కూడా ఎవరూ నమ్మరు, పైగా ఫోర్జరీ కేసులో మీరే ముద్దాయి అవుతారు. పడవ ఒడ్డున కట్టేసి ఉందని ప్రమాణం చేసి చెబితే అది తప్పుడు సాక్ష్యం, శిక్ష ఏడేళ్ల వరకు. ఆ మాట చెప్పమన్న మనిషి ఆ రోజు బోనులో మీ పక్కన ఉండడు.

స్టాంపు పేపరు విషయం కూడా అంతే. అందులో "పూర్తి సంతృప్తితో, ఇకపై ఏ హక్కూ లేదు" అన్న వాక్యం ఉంటే నలభై వేలకే కుర్రవాడి చేయి, పడవ, ఇంజన్ అన్నీ అమ్మేసినట్టే. మైనరు హక్కును కోర్టు అనుమతి లేకుండా తండ్రి కూడా వదులుకోవడం చెల్లదు. నిజంగా రాజీ పడాలనుకుంటే ఆ పని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, దావాకు ముందే పెట్టుకునే దరఖాస్తు మీద, లోక్ అదాలత్ ముందు చేసుకోండి. అక్కడ వచ్చే అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, కమిటీ మళ్లీ తిప్పుకోవడానికి వీలుండదు. మీ ఆదాయాన్ని బట్టి ఉచిత న్యాయవాదిని కూడా అదే సంస్థ ఇవ్వవచ్చు.

ఈ ఏడాది కూడా అదే దిబ్బ మీద కాల్చబోతున్నారని తెలిస్తే, మీ రేవులోని పడవల వారంతా కలిసి పోలీసులకూ స్థానిక సంస్థకూ ముందుగానే ఒక అర్జీ ఇవ్వండి. అనుమతి పత్రంలో షెల్ గరిష్ఠ సైజు రాయాలని, ఆ సైజుకు తగ్గ దూరంలో ఎగువనా దిగువనా దీపాలున్న డ్రమ్ములతో హద్దు వేయాలని, ఆగిపోయిన పడవను లాగడానికి ఒక పడవ సిద్ధంగా ఉండాలని, పేలని షెల్స్ ఏరే దాకా ఎవరినీ లోపలికి వదలవద్దని అందులో కోరండి. అందినట్టు సంతకం తీసుకోండి.

మీరు ముందు చేయవలసింది ఇంజన్ కొన్న వ్యాపారి దగ్గరికి వెళ్లడం, ఆ మర్నాడే నోటీసు పంపించడం. న్యాయవాదిని కలిసినప్పుడు తాడు దగ్గర జరిగింది జరిగినట్టు, మీకు నష్టం కలిగించే భాగంతో సహా చెప్పండి.