అమెరికా ఎవాంజెలికల్ కుర్రాళ్లు పెద్దల దారిలోనే ఉన్నారా? రేపు రిపబ్లికన్ పార్టీ ఎవరి చేతికి వెళ్తుంది?

మాది ఒంగోలు. 1878లో అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారి కాలంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం. తాతల నాటి నుంచి బాప్టిస్టులం. 2009లో డల్లాస్ వచ్చి ఇక్కడి సదరన్ బాప్టిస్టు సంఘంలో చేరాం. ఎవాంజెలికల్స్ అంటే బైబిలే ప్రమాణమని, ఎవరికి వారు క్రీస్తును నమ్మి మారాలని చెప్పే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు; మా సంఘం వాళ్లూ అందులోవాళ్లే. అక్కడ కూర్చుని చూసిందే చెప్తాను.

పెద్దల తరం ముందుగా అడిగేది ‘ఆయన ఏ సంఘం?’ అని. 2012లో మోర్మన్ (బైబిల్‌తో పాటు మరో గ్రంథాన్నీ నమ్మే సంఘం) అయిన మిట్ రామ్నీ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిగా నిలబడినప్పుడు మా సండే స్కూల్ పెద్దాయన నలిగిపోయారు. ఆరాధన అయ్యాక పార్కింగులో పికప్ తలుపు పట్టుకుని, “ఆయన నమ్మే యేసు, నేను నమ్మే యేసు ఒకరు కాదు బ్రదర్” అన్నారు. ఆ అక్టోబరులోనే పేరున్న సువార్తికుడు బిల్లీ గ్రాహం సంస్థ తన వెబ్‌సైట్లో మోర్మన్లను ‘కల్ట్’ (తప్పుడు మతశాఖ) అన్న మాట తీసేసింది. మా పెద్దాయన చివరికి రామ్నీకే ఓటేశారు గానీ, ఎన్నో రోజులు ప్రార్థన చేసుకుని వేశారు. 1979లో పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ క్రైస్తవులను రాజకీయాల్లోకి దింపే మోరల్ మెజారిటీ సంస్థ పెట్టినప్పటి నుంచి మా పెద్దాయన కోరిక ఒక్కటే, అబార్షన్‌ను హక్కు చేసిన 1973 సుప్రీంకోర్టు తీర్పు పోవాలని. 2022 జూన్ 24న అది పోయింది. ఆ రోజు ఆయన ఏడ్చారు.

ఆయన మనవడికి ఇరవై మూడేళ్లు. 2024 మేనిఫెస్టోలో పార్టీ అబార్షన్ సంగతి రాష్ట్రాలకు వదిలేస్తే తాత బాధపడ్డారు, వాడు పట్టించుకోలేదు. వాడి టెన్షన్ ఇల్లు కొనగలనా అని, కాలేజీలో తన విశ్వాసాన్ని చులకన చేస్తున్నారని. 2025 సెప్టెంబరులో కాలేజీ కుర్రాళ్లను ట్రంప్ వైపు కూడగట్టిన యువనేత చార్లీ కర్క్‌ను చంపిన రాత్రి మా ఆవిడ పులిహోర ఇచ్చి రమ్మంటే వాళ్లింటికి వెళ్లాను. మనవడు వంటింట్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, “తాతకు బిల్లీ గ్రాహం ఎంతో, నాకు ఈయన అంత” అన్నాడు.

కొత్త తరం మెత్తబడుతుంది, పార్టీ కూడా మధ్యకు జరుగుతుంది అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. మా దగ్గర అలా జరగలేదు. మెత్తబడ్డవాళ్లు సంఘమే వదిలేశారు. సదరన్ బాప్టిస్టు సభ్యులు 2006లో కోటీ 63 లక్షలు, ఇప్పుడు కోటీ 30 లక్షల లోపు. మిగిలిన కుర్రాళ్లు తాతలకంటే గట్టివాళ్లు.

అందుకే వాళ్ల నోట ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ పేరు వినిపిస్తుంది. 1984లో పుట్టిన మనిషి. 2019లో కాథలిక్ అయ్యారు. భార్య ఉష మన తెలుగువాళ్ల బిడ్డ, హిందువు. 2012లో తాత వేసుకున్న లెక్క ప్రకారం ఇవన్నీ అడ్డంకులే. మనవడు అడిగేది మాత్రం ‘మా తరఫున కొట్లాడతాడా?’ అని. ఉష ఎప్పటికైనా క్రీస్తును నమ్ముతుందని ఆశ అని 2025 అక్టోబరులో వాన్స్ మిసిసిపీ యూనివర్సిటీ సభలో అన్నప్పుడు నా హిందూ స్నేహితులు నొచ్చుకున్నారు. క్రైస్తవుడినైన నాకూ నచ్చలేదు. భార్య విశ్వాసం సభలో మాట్లాడే విషయం కాదు.

తప్పంతా కుర్రాళ్లదే అనను. 2016లో తెల్లజాతి ఎవాంజెలికల్స్‌లో పదిమందికి ఎనిమిది మంది ట్రంప్‌కు వేశారు. నాయకుడి నడవడిక చూడక్కర్లేదని నేర్పింది పెద్దలే.

నా అంచనా ప్రకారం రాబోయే నాయకుడు ఎవాంజెలికల్ కానక్కర్లేదు. పాస్టర్ల మాట వినాల్సిన అవసరం అతనికి ఉండదు, నా భయం అదే. 2028లో అభ్యర్థులు, పార్టీ అభ్యర్థి ఎంపిక సాధారణంగా మొదలయ్యే అయోవా రాష్ట్రంలో ముందు పాస్టర్లను కలుస్తారా, పాడ్‌కాస్టులకు వెళ్తారా అన్నది గమనించండి.